నేను విని పాస్ చేసిన రందా

పాత మిషన్ కొనేవాడికి రెండు కళ్లు చాలవు, మంచి చెవి కూడా ఉండాలి. ఆ చెవి నాదేనని చెప్పుకుంటూ సూరత్‌లో పదిహేనేళ్లు బతికాను. గోడాదరా నుంచి పల్సానా దాకా మన తెలుగువాళ్లు ఎవరు వడ్రంగం షెడ్డు పెట్టినా, పాత రంపం మిషనో, రందానో కొనేముందు నాకు ఫోను చేసేవాళ్లు. చెక్కను చిత్రిక పట్టే మిషన్‌ను ఇక్కడ అందరూ రందా అంటారు. నేను వెళ్లి, చూసి, తట్టి, విని, "తీస్కో" అంటే తీసుకునేవాళ్లు. "వద్దు" అంటే అమ్మేవాడు ఎంత బతిమాలినా వెనక్కి తిరిగేవాళ్లు. తర్వాత ఆ మిషన్‌ను విప్పి, తుప్పు గీకి, బాగుచేసి, నడిపించి ఇచ్చేది కూడా నేనే.

ఆ చెవి పోయిందని నాకు తెలిసిన తర్వాత కూడా రెండేళ్లు అలాగే తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. నా గురించి ముందు చెప్పాల్సిన మాట అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తిట్టుకునేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

చెవి పోవడంలో వింతేం లేదు. పందొమ్మిదో ఏట కరీంనగర్ వైపు నుంచి వచ్చి పవర్‌లూమ్ షెడ్డులో చేరాను. రేకుల కప్పు కింద వరసగా మగ్గాలు, అన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినబడదు. అందుకని అక్కడ మేం మాటలు వినేవాళ్లం కాదు, చూసేవాళ్లం. పెదవి కదిలే తీరును బట్టి ఏమన్నాడో తెలిసిపోయేది. రెండు వేళ్లు చూపిస్తే చాయ్ తాగుదామని, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే సేఠ్ వస్తున్నాడని. మగ్గాల మనుషులు ఇంట్లో కూడా గొంతు పెంచే మాట్లాడతారు. మా గల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో ఇంటింటా తగాదాలే అనుకుంటారు.

పదకొండేళ్లు ఆ చప్పుడులో ఉన్నాను. చివరి నాలుగేళ్లు నేత మానేసి మగ్గాలు రిపేరు చేసే మిస్త్రీగా పనిచేశాను. స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి పట్టుకుంటే, అంత గోలలోనూ ఆ ఒక్క బేరింగ్ బాధ ఏమిటో తెలిసేది. బతికుందా, చావబోతోందా, ఎన్నాళ్లు ఆగుతుంది, అన్నీ చెప్పేవాణ్ణి. చెప్పినట్టే జరిగేది. నా పొగరంతా అక్కడ మొదలైంది.

తర్వాత నీళ్ల జోరుతో దారాన్ని తోసి నేసే కొత్త మగ్గాలు వచ్చాయి. పాతవాటిని భంగార్‌వాళ్లు, అంటే తుక్కు ఇనుము కొనేవాళ్లు, లారీల కొద్దీ ఎత్తుకుపోయారు. వాటిని విప్పే కూలి పనికి పోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నేను బాగుచేసి నిలబెట్టిన మగ్గాలను నేనే సమ్మెటతో పగలగొట్టాను. ఆ భంగార్ షెడ్డులో ఒక మూల పాత రందా పడి ఉంది. మగ్గాలకు చెక్క సామాన్లు చేసే కార్ఖానా మూతపడితే వచ్చిందట. తుప్పు పట్టినా దాని పోత ఇనుము బల్ల నిండుగా, గంభీరంగా ఉంది. దాన్ని సమ్మెటకు అప్పగించడానికి మనసొప్పలేదు. బతిమాలి తెచ్చుకుని, నెల రోజులు దాని ముందు కూర్చుని బాగుచేశాను. అది నడిచిన రోజున నాకు మళ్లీ ఒక పని దొరికింది.

పాత మిషన్‌ను చూడటమూ పెళ్లిచూపులే. అలంకారం ఎక్కువైతే అనుమానించాలి. కొత్తగా ఆకుపచ్చ రంగు మెరుస్తోందంటే పైన పటారం, లోన లొటారం. ముందు బల్లకు కిరోసిన్ పూసి తుడిచేసి, పైన సుద్దపొడి చల్లుతాను. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ ఊరి, పొడి మీద తడి గీత పడుతుంది. ఇనుప పట్టీని బల్ల మీద నిలువుగా పెట్టి కింద నుంచి వెలుతురు కనబడుతోందా చూస్తాను. కత్తులు బిగించిన ఉక్కు దిమ్మెను రెండు చేతులా పట్టి ఎత్తి, ఊగుతోందా చూస్తాను. ఇవన్నీ కళ్లూ చేతులూ చేసే పనులు, నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారు. ఆఖరిది చెవి పని. మిషన్ నడిపించి బేరింగ్‌లను వినాలి.

రందాలో ఆ దిమ్మె నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉండేవి రెండే బేరింగ్‌లు. అవి దెబ్బతింటే దిమ్మె వణుకుతుంది. వణికే కత్తి చెక్కను కోయదు, వెనక్కి తంతుంది. ఆ చెక్కను నెట్టే మనిషి చెయ్యి కత్తులకు జానెడు దూరంలో ఉంటుంది. కత్తుల మీద మూత ఉంటుంది గానీ, చెక్కతోపాటు అదీ పక్కకు జరుగుతుంది. కాబట్టి నేను "తీస్కో" అన్నానంటే, ఆ చేతికి నేను పూచీ అని అర్థం.

రెండేళ్ల కిందట ఒక రోజు మా అమ్మాయి నా ఫోను తీసి చేతిలో పెట్టింది. "పప్పా, కబ్ సే బజ్ రహా హై, ఎత్తవేంది?" అంది. అంతసేపు మోగిన ఫోను నా పక్కనే, మంచం మీదే ఉంది. అంతకుముందు కుక్కర్ కూతలు లెక్కపెట్టమని చెప్పి బజారుకు పోయిన మా ఆవిడ, పప్పు మాడిన వాసనకు పక్కింటివాళ్లు వచ్చి పొయ్యి ఆర్పారని తెలిసి నన్ను నానా మాటలూ అంది. నిద్రపోయానని అబద్ధం చెప్పాను. నిద్రపోలేదు. ఆ కుక్కర్ కూతల కోసమే పక్క గదిలో కూర్చుని ఉన్నాను.

ఎవరికీ చెప్పకుండా చెవి డాక్టరు దగ్గరికి పోయాను. హజీరా కంపెనీల్లో మన ఇంజినీర్లు పెరిగాక మన డాక్టర్లూ వచ్చారు. ఈయనది గుంటూరు వైపు. చెవుల మీద తొడుగులు పెట్టి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలట. అద్దం అవతల ఒక అమ్మాయి పరికరం ముందు కూర్చుని ఉంది. రెండు నిమిషాల్లో కిటుకు పట్టేశాను. ఆమె వేలు కదిలినప్పుడల్లా బటన్ నొక్కాను. పదకొండేళ్లు చేతులు చూసి మాటలు విన్నవాడికి అదొక లెక్కా. ఆ పరీక్ష పాసై నేనేం బావుకుంటానో మాత్రం ఆలోచించలేదు.

కాసేపటికి డాక్టరు లోపలికి వచ్చాడు. "ఏమండీ, మేం సౌండ్ ఇవ్వనప్పుడు కూడా మీరు నొక్కుతున్నారు" అని నవ్వి, ఆ అమ్మాయి కుర్చీని అటువైపు తిప్పించాడు. ఈసారి నాకు ఆమె జడ మాత్రమే కనబడింది. చాలాసేపు బటన్ నొక్కే పని పడలేదు. ఆమె అలా చేతులు కట్టుకుని కూర్చుందేమో అనుకున్నాను.

"లావు శబ్దాలు మీకు బాగానే అందుతున్నాయండి. సన్నటివి పోయాయి. మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లకి ఇది మామూలే. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. వినికిడి మిషన్ పెట్టుకుంటే మాటలు తేలిగ్గా తెలుస్తాయి" అన్నాడు డాక్టరు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. మిషన్లు వినాల్సినవాడే చెవిలో మిషన్ పెట్టుకుని వెళితే వాణ్ణి ఎవడు పిలుస్తాడు? ఆ రిపోర్టు కాగితం మడిచి బీరువాలో పరిచిన పేపరు కింద దాచాను. ఇంట్లో అడిగితే, చెవిలో గుబిలి ఉంటే తీశారని చెప్పాను.

మా గల్లీలో నలభై దాటిన మగవాళ్లలో చెవి మందం లేనివాడు అరుదు. ఎవరూ సిగ్గుపడరు. ఒకణ్ణొకడు "ఏ చెవిటి" అని పిలుచుకుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణని ఒప్పుకుని ఉంటే పోయేదేమీ లేదు. కానీ నాకు ఆ చెవి తప్ప వేరే పేరు లేదు. చదువు లేదు, సొంత షెడ్డు లేదు. నలుగురిలో నా మాట చెల్లేది ఆ స్క్రూడ్రైవర్ ఎముకకు ఆనించినప్పుడే. దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు.

మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. పదిహేడేళ్ల వయసులో మా ఇంటికి వచ్చాడు. మగ్గం అతనికి ఒంటబట్టలేదు. ఒక రాజస్థానీ మిస్త్రీ దగ్గర తొమ్మిదేళ్లు సోఫాల పని నేర్చుకున్నాడు. చెక్కను చేత్తో తడిమి అది ఎటు వంగుతుందో చెప్పగలడు. నెమ్మది మనిషి. నాకు ఎదురు మాట చెప్పింది ఎప్పుడూ లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, బావ తింటున్నాడంటే తనూ తినేస్తాడు. మా ఇళ్లలో బావ మాటంటే అంతే, దాని మీద ఇంకో మాట ఉండదు. అందుకు నేను మురిసిపోయేవాణ్ణి.

పోయిన వానాకాలంలో అతను వడోద్‌లో చిన్న షెడ్డు మాట్లాడుకున్నాడు. సొంతంగా మంచాలు, సోఫాలు చేద్దామని. పల్సానాలో ఒక గుజరాతీ పెద్దాయన కార్ఖానా ఎత్తేస్తూ రందా అమ్ముతున్నాడని తెలిసి నన్ను తీసుకుపోయాడు. దారిలో బండి మీద వెనక్కి తిరిగి చెప్పాడు. "బావా, నువ్వు విని పాస్ చెయ్. నువ్వు ఔనంటె తీస్కుంట, కాదంటె ఇడిశిపెడ్త. నాకు వేరే ఏం తెల్వదు."

రందాకు కొత్త ఆకుపచ్చ రంగు కొట్టి ఉంది. నేను మనసులో నవ్వుకుని సుద్దపొడి తీశాను. పగుళ్లు లేవు. బల్ల ఒక మూల కాస్త దిగింది, అది సరిచేయవచ్చు. దిమ్మె ఊగలేదు. పెద్దాయన పక్కనే నిలబడి, "బేరింగ్ నవా ఛే, భాయ్. అభీ డాలా హై" అన్నాడు. కొత్త బేరింగ్‌లు వేయించాడట. పక్కకు వంగి చూస్తే నిజమే, అంచున కొత్త గ్రీజు తెల్లగా ఉంది.

మిషన్ నడిపించమన్నాను. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకోవడం నా అలవాటు, చూసేవాళ్లకు నమ్మకం కలుగుతుంది. నాకు అందింది ఒక నిండైన గుమ్మనే చప్పుడు, ఏ వంకా లేనిది. కళ్లు తెరిచేసరికి మా బామ్మర్ది మొహం కనబడింది. కనుబొమలు ముడిపడి, మెడ కాస్త పక్కకు వాలి ఉంది. చెవికి ఏదో గుచ్చుకున్నవాడి మొహం అది. చూశాను. నేను చూడలేదని ఎవరితోనైనా చెప్పవచ్చు గానీ చూశాను.

"ఏంది?" అన్నాను.

"ఏం లేదు బావా. మంచిగనే ఉన్నదా?"

"మస్తుగ ఉన్నది. తీస్కో."

అతని మొహం విప్పారింది. అక్కడే ఆ రందా బల్లను తాకి చేతులు కళ్లకద్దుకున్నాడు.

దాన్ని నేను అద్దెకు తీసుకున్న షెడ్డుకు తెచ్చి ఇరవై రోజులు పనిచేశాను. ఆకుపచ్చ రంగు గీకితే కింద నీలం, దాని కింద బూడిద రంగు, దాని కింద అసలు ఇనుము. బల్లను రాయితో రుద్ది సమం చేశాను. బెల్టు మార్చాను, స్విచ్చు మార్చాను, కత్తులు సాన పట్టించాను. బేరింగ్‌లను మాత్రం ముట్టుకోలేదు. మంచి బేరింగ్‌ను ఊడబెరికితే ఆ ఊడబెరకడంలోనే అది చెడిపోతుంది, బాగున్నదాన్ని కెలకకూడదు. ఇది ఈ పనిలో మొదటి పాఠం. అది బాగుందో లేదో చెవి చెప్పాలి, అది రెండో పాఠం. మా బామ్మర్ది రోజూ వచ్చి నా పక్కన కూర్చుని, ఇనుము తెల్లబడుతుంటే చూసి సంబరపడేవాడు. వడోద్‌కు తీసుకుపోయిన రోజున పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి చెక్క నా చేత నెట్టించాడు. చెక్క అద్దంలా వచ్చింది. నలుగురూ నన్ను మెచ్చుకున్నారు.

దీపావళి ముందు సోఫాల పని ఎక్కువ. ఒక రోజు పొద్దున పదింటికి నేను గోడాదరాలో చెక్కకు బెజ్జాలు వేసే బోరు మిషన్ ఒకటి కడుగుతుంటే జేబులో ఫోను వణికింది. అప్పటికి ఫోనును వణుకు మీదే పెట్టుకునేవాణ్ణి, మోత మీద నమ్మకం పోయి. మా ఆవిడ. మాటలు సరిగా అందలేదు గానీ ఏడుస్తోందని తెలిసింది. ఆస్పత్రికి పోయేసరికి మా బామ్మర్దిని లోపలికి తీసుకుపోయారు. ఎడమ చేతికి మూడు వేళ్లు, నడిమిది, ఉంగరపుది, చిటికెన వేలు, రెండో కణుపు దాకా పోయాయి. చెక్క వెనక్కి తన్నింది, చెయ్యి ముందుకు పడింది.

అతని భార్య నాకు చెల్లెలి వరస. నన్ను చూసి చేతులు పట్టుకుంది. "అన్నా, నువ్వు లేకుంటె మాకు దిక్కెవరే" అంది. వచ్చినవాళ్లంతా తలరాత అన్నారు, గ్రహచారం అన్నారు. దిష్టి తగిలిందని ఒకామె నిమ్మకాయ తెచ్చింది. ఒక్కరైనా నా వైపు వేలు చూపిస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ చూపలేదు. ఎవరో నాకే చాయ్ తెచ్చి ఇచ్చారు, తాగాను.

మర్నాడు ఒక్కణ్ణే వడోద్ షెడ్డుకు పోయి రందా విప్పాను. బల్ల కింద ఇంకా రక్తం మరక ఉంది, ముందు దాన్ని కడిగాను. తర్వాత బేరింగ్‌లు ఊడదీశాను. మోటారు వైపుది బాగానే ఉంది. రెండోది నిజంగానే కొత్తదే, కానీ పెద్దాయన మనిషి ఎవడో దాన్ని సుత్తితో కొట్టి ఎక్కించాడు. బయటి రింగు మీద సుత్తి దెబ్బలు, లోపల బంతులు కూర్చున్న చోటల్లా సన్నటి గుంటలు. అలాంటి బేరింగ్ మొదటి రోజు నుంచే సన్నగా కూస్తుంది, రాను రాను వదులైపోతుంది. నెల రోజులు పని నేర్చినవాడైనా ఆ కూత విని మిషన్ ఆపేస్తాడు. బేరింగ్‌ను వేలికి తొడిగి మెల్లగా తిప్పాను. గుంట గుంటకూ వేలికి తగిలింది. విప్పి ఉంటే వేలే చెప్పేది. చెవి ఉందన్న పొగరుతో విప్పలేదు.

వారం తర్వాత అతని ఇంటికి పోయాను. ఆస్పత్రి నుంచి వచ్చేశాడు. చేతికి పెద్ద కట్టు, దాన్ని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య నీళ్లకు బయటికి పోయింది. బేరింగ్ తీసి ముందు పెట్టాను.

"ఇది చెడిపోయింది. మొదటి నుంచి చెడిపోయే ఉన్నది" అన్నాను.

అతను దాన్ని కుడి చేత్తో తీసుకుని చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఇదేనా కూస్తుండె" అన్నాడు.

"నీకు వినబడిందా?"

"వినబడకేంది బావా. మొదటి దినం సంది సన్నగ కూస్తనే ఉండె. పల్సానల సుత కూసింది. పక్క షెడ్డోడు సుత అన్నడు, ఏంది భాయ్, సీటీ మార్ రహా హై, ఈల కొడ్తున్నది అని. మా బావ విని పాస్ చేసిండు, పాత రందా గిట్లనే కూస్తదేమో అని చెప్పిన. బావకు తెల్వంది నాకేం తెలుస్తది."

ఆ మాటలో నింద లేదు. నాకు జవాబు చెప్పడం, అంతే. మూడున్నర నెలలు ఆ కూత పక్కన నిలబడి పనిచేశాడు. తన చెవులు తప్పని చెబుతున్నా నా చెవిని నమ్మాడు.

"నాకు వినబడదు" అన్నాను. "సన్నటి చప్పుడు వినబడదు. డాక్టరు చెప్పిండు."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లు."

బేరింగ్‌ను దిండు పక్కన పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, నా మీద విసిరికొట్టినా బాగుండేది. చివరికి తలెత్తి, నాకు తెలియాలని కాబోలు, మొహం నాకు ఎదురుగా పెట్టి ఒక్కో మాటా విడిగా పలికాడు.

"నాకొక్క మాట చెప్తె నేను విందును గద బావా. నా చెవులు మంచిగనే ఉండె."

ఏడ్చాను. నలభై ఏడేళ్ల మనిషిని, అతని మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. అతను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని అతనికి లేదు.

"అక్కకు చెప్పకు. ఇద్దరి మధ్యల ఆమె నలిగిపోతది" అన్నాడు. తర్వాత ఇంకొకటి అడిగాడు.

"ఈ రెండేండ్లల ఇంకెంతమందికి పాస్ చేసినవ్?"

అంతవరకు నేను ఆ లెక్క వేసుకోలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేళ్లు మడుస్తూ పోతే ఏడు మిషన్లు తేలాయి. అతని ముందు వేళ్లు మడవడం ఎలా ఉంటుందో సగంలో తట్టి చేతులు కిందికి దించేశాను, మిగతావి మనసులోనే లెక్కపెట్టాను.

నిజం చెప్పేస్తే గుండె బరువు తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు గోడాదరాలో మొదటి షెడ్డుకు పోయాను. ఆయన నాకన్నా పెద్దవాడు, పదేళ్ల పరిచయం. మంచాలు చేస్తాడు. నిరుడు నేను విని, బేరింగ్‌లు ముట్టుకోకుండా వదిలేసిన రందా మీదే పనిచేస్తున్నాడు. మిషన్ ఆపమన్నాను. ఆపి, కుర్చీ వేసి, చాయ్ చెప్పాడు. నా చెవులు పనిచేయవని, ఆ మిషన్ బాగుందో లేదో నాకు తెలియదని, బేరింగ్‌లు విప్పి చూస్తానని చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "బామ్మర్దికి గట్లయిందని నీ మనసు విరిగింది తమ్మి. నీ చెవి సంగతి మాకు తెల్వదా. ఈ రందా నువ్వు పాస్ చేసింది, దీనికేం కాదు. పండుగ పని ముంగట విప్పుడేంది. జర గుండె రాయి చేస్కో" అన్నాడు.

"అది కూస్తున్నదా? నీకేమన్న వినబడుతున్నదా?" అని అడిగాను.

"మిషిన్ అన్నంక చప్పుడు చెయ్యదా" అని నవ్వి, స్విచ్చు వేసి, చెక్క ఎత్తుకున్నాడు.

నాకు ఆ గుమ్మనే నిండు చప్పుడే వినబడింది, పల్సానాలో విన్నలాంటిదే. ఆయన మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఏడాదిగా ఆ మిషన్ పక్కన నిలబడే మనిషి, ఏ కూతకైనా అలవాటుపడి ఉంటాడు. చాయ్ చల్లారిపోయింది. నేను గుమ్మంలో నిలబడి, చెక్కను కత్తుల మీదికి నెడుతున్న ఆయన ఎడమ చేతినే చూస్తూ ఉండిపోయాను.